సత్తిరాజు లామినేషన్ కాగితం

రాయపూర్‌లో తెలుగు రైల్వేవాళ్లుండే డబ్ల్యూఆర్ఎస్ కాలనీ గేటు దగ్గర ప్రేమ్‌చంద్ చాయ్ దుకాణంలో ఒక రివాజు ఉంది. ఆ పూట చాయ్ ఎవరు తాగిస్తే మాట వాళ్లది. వాళ్ల గ్లాసు ఖాళీ అయ్యేదాకా మిగతావాళ్లు ఊ కొట్టొచ్చు, నవ్వొస్తే నవ్వొచ్చు, అంతేగాని అడ్డుప్రశ్న వెయ్యకూడదు. ఈ రివాజు ఎవరు పెట్టారో ఎవరికీ తెలీదు. సత్తిరాజే పెట్టాడని జోగయ్య అనుమానం, ఎందుకంటే ఇన్నేళ్లలో దానివల్ల బాగుపడ్డవాడు అతనొక్కడే.

జోగయ్య రైల్వే వ్యాగన్ షాపులో ముప్పై నాలుగేళ్లు పెయింటరుగా చేశాడు. మరమ్మతైన వ్యాగన్ బయటికి వెళ్లేముందు, దాన్ని ఏ షాపులో బాగుచేశారో, మళ్లీ ఎప్పుడు వెనక్కి రావాలో దాని ఒంటిమీద తెల్లరంగుతో రాయడం ఆయన పని. రిటైరయ్యాక ప్రతి ఆదివారం పొద్దున్న ఈ బెంచీ చివర కూర్చుంటాడు. సత్తిరాజు తాగించిన చాయ్‌ని పొగలు కక్కుతుండగానే నాలుగు గుక్కల్లో తాగేసి అతని కోతలు వింటాడు. ఆయనకవి నిజంగా ఇష్టం. వరదలో ఖారూన్ నది దాటి గేదెను భుజాన వేసుకొచ్చిన కథ నాలుగుసార్లు విన్నాడు. ప్రతిసారీ ఒక గేదె పెరిగింది, అయినా ఆయన ఏమీ అనలేదు.

ఈ ఆదివారం మాత్రం ఆయన కోతలు వినడానికి రాలేదు. మనవరాలు లహరి టాటీబంధ్‌లో ఒక ట్రాన్స్‌పోర్టు కంపెనీలో పనిచేస్తుంది. సత్తిరాజు అక్కడే సీనియర్. మొన్న బుధవారం మధ్యాహ్నం ఆ కంపెనీ సర్వర్ నిండిపోయి, సరుకుతోపాటు లారీలకిచ్చే బిల్టీ చీటీలు రావడం ఆగిపోయింది. సరుకెక్కిన లారీలు సాయంత్రం దాకా కదల్లేదు. సర్వర్‌ని అలా నింపేసిన ప్రాసెస్ ఏదో లహరి డ్యూటీలో మొదలైందని సత్తిరాజు రిపోర్టు రాసిచ్చాడట. శుక్రవారం పిల్ల చేతికి కవరొచ్చింది, సోమవారం నుంచి రానక్కర్లేదని.

పిల్ల ఏడ్చింది ఉద్యోగం పోయినందుకు కాదు, చెయ్యని పనికి దొంగలా గేటు దాటి రావాల్సొచ్చినందుకు. నిన్న సాయంత్రం కళ్లు తుడుచుకుని, తాతకి అర్థమయ్యేలా చెప్పింది.

“తాతా, సర్వర్లో నడిచే ప్రతి పనినీ ప్రాసెస్ అంటారు, దానికో నంబరుంటాది. పేరు చూస్తే ఉత్తి కాపీ అనుంటాది, అంతే. మా ఆఫీసులో అందరం ఒకే లాగిన్‌తో పనిచేస్తాం, అందుకని ఎవరు మొదలెట్టారో తెలీదు. కానీ ఏ ఫోల్డర్లో నిలబడి మొదలెట్టారో అది మాత్రం దాగదు. పీడబ్ల్యూడీఎక్స్ అని కొట్టి పక్కన ఆ నంబరు కొడితే, చోటు చెప్పేస్తాది. ఆ కమాండు బుధవారం నేనే ఆయనకి ఫోన్‌లో చెప్పాను. ఏం వచ్చిందని అడిగితే ఫోన్ పెట్టేశాడు. ఆ ఒక్క లైను చూపించండి అంటే కవరు చేతిలో పెట్టారు.”

జోగయ్యకి కంప్యూటర్ రాదుగాని ఈ సంగతి ఠక్కున బుర్రకెక్కింది. దేశంలో ఏ మూల ఆగిపోయిన వ్యాగనైనా సరే, ఒంటిమీద రాత చూస్తే ఏ షాపు నుంచి వచ్చిందో తెలిసిపోతుంది. రాత్రంతా ఆ ఒక్క లైను ఎక్కడుంటుందా అని ఆలోచించాడు.

ఎనిమిదిన్నరకి సత్తిరాజు మోటార్ సైకిల్ మీద దిగాడు. వెనక సీటు మీంచి బట్టతల పెద్దమనిషి ఒకాయన జాగ్రత్తగా కాలు కిందపెట్టాడు. ఈయన రామమూర్తిగారు, మా మేనేజరు, భిలాయిలో ఉంటారు, మన కాలనీ చూస్తానంటే తీసుకొచ్చాను అన్నాడు సత్తిరాజు. నిజానికి కంపెనీలో సిస్టమ్ ఇన్‌ఛార్జి అనే కొత్త కుర్చీ ఒకటి వేస్తున్నారు. కాలనీలో తనకెంత గౌరవముందో మేనేజరు కళ్లారా చూస్తే ఆ కుర్చీ తనదేనని అతని లెక్క. ఆ మాట వారం నుంచి కాలనీ అంతటికీ అతనే చెప్పుకుంటున్నాడు.

“ప్రేమ్‌చంద్, నాలుగు చాయ్, అదరక్ దండిగా దంచెయ్. నా పేరు మీద.”

గ్లాసులొచ్చాయి. మాట సత్తిరాజుదైపోయింది.

మొదట చాలా అణకువగా ఎత్తుకున్నాడు. బుధవారం సర్వర్ కాస్త నసపెట్టిందనీ, తనొక కమాండు కొడితే సర్దుకుందనీ, దానికే వీళ్లు ఇంత చేసేస్తున్నారనీ సిగ్గుపడ్డాడు. ప్రేమ్‌చంద్ పుట్టింది హిందీ మాట్లాడే ధమ్‌తరీ దగ్గరైనా ఈ కాలనీ గేటు దగ్గరే ఇరవయ్యేళ్లుగా చాయ్ పోస్తూ తెలుగు నేర్చుకున్నవాడు. ఎక్కడ ఊ కొట్టాలో అతనికి బాగా తెలుసు. లారీలు చాలా ఆగాయా భయ్యా అన్నాడు.

“ఆగడమా? టాటీబంధ్ చౌక్‌లో మొదలైన లైను కుమ్హారీ దాటింది, భిలాయి దాటింది, దుర్గ్ దాటింది, రాజ్‌నాంద్‌గావ్‌లో ఒక వంపు తిరిగి నాగపూర్లో ఆగింది. ఆఖరి లారీవాడికి తనెందుకు ఆగాడో కూడా తెలీదు పాపం, ముందువాడు ఆగాడని ఆగాడు. డ్రైవర్లు రోడ్డు మీదే పొయ్యిలు పెట్టేశారు, అక్కడక్కడ కొత్తిమీర కూడా చల్లుకున్నారు, రెండు సంబంధాలు కుదిరాయి, ఒకళ్లకి కవలలు. అడగండి కావాలంటే, మేనేజరుగారే ఉన్నారు.”

బుధవారం ఒక్క మధ్యాహ్నంలో కవలలు ఎలా పుట్టారని అడగడానికి వీల్లేదు, గ్లాసు ఇంకా నిండుగానే ఉంది. రామమూర్తి మొహమాటంగా నవ్వి, లారీలు ఆగిన మాట నిజమేనన్నాడు.

“సరే, బెంగళూరుకి ఫోన్ వెళ్లింది. ముగ్గురు ఇంజనీర్లు బయల్దేరారు, మూడు విమానాల్లో. అదేంటి ఒక్క విమానం చాలదా అంటారేమో, అంత తెలివి ఒకే విమానంలో ఎక్కిస్తే బరువు ఆగదని పైలట్ ఒప్పుకోలేదు. వచ్చారు, ఏసీ పెట్టమన్నారు, సర్వర్ ముందు కూర్చున్నారు, కొట్టారు కొట్టారు, కీబోర్డు మీద అక్షరాలు అరిగిపోయి తెల్లగా అయిపోయింది. మూడోవాడు మా అమ్మ దగ్గరికి వెళ్లిపోతానని ఏడుపు. ఆ తర్వాత ఏమైందో తెలుసా?”

“తెలీదు భయ్యా,” అన్నాడు ప్రేమ్‌చంద్ శ్రద్ధగా.

“నేను అందర్నీ పక్కకి జరగమన్నాను. సర్వర్‌కి చెవి ఆనించాను. లోపల నాలుగు లక్షల ప్రాసెస్‌లు నడుస్తున్నాయి, ఒక్కోదాని అడుగుల చప్పుడు నాకు తెలుసు, పదిహేనేళ్లుగా వింటున్నా కదా. అన్నీ బాగానే నడుస్తున్నాయి, ఒక్కటి మాత్రం దగ్గుతోంది. నాలుగువేల నూట ఇరవయ్యేడో నంబరుది. దాని పేరడిగితే కాపీ అంటుంది, అంతకుమించి నోరిప్పదు. సరే నీ సంగతిలా ఉందా అని ఒక కమాండు తీశాను. పీడబ్ల్యూడీఎక్స్. ఇది ఈ దేశంలో ఇద్దరికే తెలుసు, రెండోవాడికి గుర్తులేదు.”

సడక్ వేసే పీడబ్ల్యూడీ వాళ్లా అని ప్రేమ్‌చంద్ అడగబోయాడు. వాళ్లకి వాళ్లేసిన రోడ్డే ఎక్కడుందో తెలీదు, నా కమాండుకి ఎవడెక్కడ కూర్చున్నాడో తెలుసు అనేసి సత్తిరాజు ముందుకు పోయాడు. ఆ కమాండు పేరు వినగానే జోగయ్య గ్లాసు బెంచీ మీద పెట్టేశాడు. పిల్ల ఫోన్‌లో చెప్పిన మాట ఇతని నోట్లోంచి ఇలా ఊరేగింపుగా వస్తుంటే ఒళ్లు మండిపోయింది. అయినా రివాజు రివాజే.

ఎంటర్ కొట్టిన దెబ్బకి టేబుల్ కాలు విరిగిందట. తెర మీద ఆ ప్రాసెస్ కూర్చున్న చోటు రావడం మొదలైంది. ఒక ఫోల్డరు, దాన్లో ఒక ఫోల్డరు, దాని కడుపులో ఇంకొకటి. ఈ తెర చాలక పక్క తెర మీదికి, అది చాలక గోడ మీదికి, కిటికీలోంచి బయటికి, అలా నయా రాయపూర్ దాకా పోయిందట ఆ లైను. చివర ఏముందో చదవడానికి తను మోటార్ సైకిల్ మీద వెళ్లాల్సొచ్చిందట. కొత్తగా కట్టిన ఆ నయా రాయపూర్ రోడ్ల మీద మనుషులుండరు కాబట్టి సరిపోయింది, అదే మన కాలనీలోకి వచ్చుంటే ఆడవాళ్లు దానిమీద బట్టలారేసేవాళ్లు అన్నాడు.

“ఆఖరి ఫోల్డర్లో కూర్చునుంది అది. నన్ను చూసి లేచి నిలబడింది. రాజుగారూ, వదిలెయ్యండి, పిల్లలుగలదాన్ని అంది. వినలేదు నేను. కిల్ మైనస్ నైన్. ఒక్కటే దెబ్బ. రాయపూర్ మొత్తం లైట్లు ఒకసారి మినుక్కుమన్నాయి, స్టేషన్లో గడియారం అయిదు నిమిషాలు వెనక్కి నడిచింది, నాగపూర్ దాకా ఉన్న లారీలన్నీ ఒక్కసారి స్టార్టయ్యాయి, ఆ పొగకి గురువారం తెల్లారలేదు. ఇంకా వినండి. ఢిల్లీ నుంచి ఫోను. ఉపగ్రహం ఒకటి కనబడ్డం లేదండీ, మీ కమాండొకసారి కొట్టి ఎక్కడుందో చెప్తారా అని. నాకు ఆదివారం చాయ్ ఉంది, సోమవారం చూస్తానన్నాను.”

ఉపగ్రహం దగ్గరికొచ్చేసరికి ప్రేమ్‌చంద్ మొహంలో కూడా కాస్త సందేహం కనబడింది. సత్తిరాజు దానికోసమే ఎదురుచూస్తున్నట్టు జేబులోంచి ఒక కాగితం తీశాడు. లామినేషన్ చేయించాడు దాన్ని. పైన రెండు ముక్కలు ఇంగ్లీషు, కింద గుండ్రటి ముద్ర, ముద్ర మీద రామమూర్తి సంతకం. రిపోర్టుకి జతచేసిన సాక్ష్యం ఇదేననీ, నా తెర మీద వచ్చింది వచ్చినట్టు అచ్చుకొట్టించాననీ, ఇంతకంటే ఏం కావాలనీ అన్నాడు. బొటనవేలు అడ్డంపెట్టి దూరం నుంచి ఒకసారి తిప్పి చూపించాడు.

“తప్పు చేసింది ఒక చిన్నపిల్ల. పేరు చెప్పను, మన కాలనీదే. జైల్లో పెట్టించాలన్నారు. నేనే అడ్డుపడ్డాను. బాబాయ్, చెప్పకూడదుగాని, ఉద్యోగంతో పోయిందంటే అది నా చలవే.”

ఈ మాట జోగయ్య మొహంలోకి చూసి మరీ అన్నాడు. దండం పెడతాడేమోనని కాసేపు ఆగాడు కూడా. జోగయ్య చేతులు కదల్లేదు. దాంతో సత్తిరాజుకి కథ ఇంకా చాల్లేదనిపించింది కాబోలు, ఆ లైను ఎంత పొడవుందో చూపించడానికి లేచాడు. దానికి రెండు చేతులూ కావాలి. కాగితం బెంచీ మీద పెట్టి, చేతులు బార్లా చాపి, ఇది టాటీబంధ్ అనుకోండి, ఇది నయా రాయపూర్ అనుకోండి అన్నాడు. గొంతెండిపోయి మిగిలిన చాయ్ ఒక్క గుక్కలో తాగేసి గ్లాసు బోర్లించాడు.

“ప్రేమ్‌చంద్, నాలుగు చాయ్,” అన్నాడు జోగయ్య. “నా పేరు మీద.”

ఇన్నేళ్లలో ఆయన మాట కొనుక్కున్నది లేదు. ప్రేమ్‌చంద్ ఏమీ అడగకుండా గిన్నె మళ్లీ పొయ్యి మీద పెట్టాడు. చాయ్ పొంగేదాకా అందరూ పొయ్యివైపే చూస్తూ కూర్చున్నారు. గ్లాసు చేతికొచ్చాక జోగయ్య దాన్ని పక్కన పెట్టుకుని, బెంచీ మీది కాగితం తీసి, రెండు చేతులతో రామమూర్తికి అందించాడు.

“బాబూ, ఈ సంతకం తమరిదేనా?”

“నాదేనండి.”

“నాకు వ్యాగన్ మీద రాసే పెద్దచ్చరాలే వొచ్చు, ఇవి సిన్నయి. ఏటి రాసుందో ఓపాలి సదివి ఇనిపించండి.”

అది టెక్నికల్ బాబాయ్, చదివితే మీకు అర్థం కాదు అని సత్తిరాజు చెయ్యి చాపాడు. ప్రేమ్‌చంద్ గరిటెతో జోగయ్య గ్లాసువైపు చూపించాడు. నిండుగా ఉంది. సత్తిరాజు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

రామమూర్తి జేబులోంచి కళ్లద్దాలు తీసి పెట్టుకున్నాడు. సంతకం పెట్టిన రోజు పెట్టుకోలేదని ఆయన కాగితాన్ని పట్టుకున్న తీరులోనే తెలిసిపోతోంది. ఆ కాగితం మీద అంతకుముందు ఇంకో ఇద్దరు కూడా పొట్టి సంతకాలు గీశారు. వాళ్లూ ముద్ర బాగా పడిందా లేదా అనే చూసుంటారు. సత్తిరాజు ధీమా కూడా అదే.

“నాలుగువేల నూట ఇరవయ్యేడు,” అని మొదలుపెట్టాడు. “ఆ తర్వాత డేటా. డేటాలో ఆఫీసు. ఆఫీసులో...”

కాగితాన్ని వెలుగుకి తిప్పి మళ్లీ చూశాడు.

“ఆఫీసులో సత్తిరాజు. సత్తిరాజులో ఉగాది ఉపన్యాసం.” ఆయన కళ్లద్దాల మీంచి చూశాడు. “అయిపోయిందండి. ఇంతే ఉంది.”

నయా రాయపూర్ దాకా పోయిన లైను జానెడు కూడా లేదు.

“ముప్పై నాలుగేళ్లు వ్యాగన్ల మీద రాసినాను బాబూ,” అన్నాడు జోగయ్య. “బండెక్కడ ఆగిపోయినా, దాని మీద రాత సూసి ఏ షాపుదో ఆ షాపునే అడిగేవోళ్లు. దారిలో జెండా ఊపినోడిని ఎవులూ ఉద్యోగంలోంచి తియ్యలేదు. ఆ కమాండు మా లహరే ఈయనకి సెప్పిందట. దాని మీద ఈయన నోటితో సెప్పిందే నమ్మినారుగాని, కాగితం ఏటి సెప్పిందో ఎవులూ సదవలేదు. నా మనవరాలు రెండ్రోజులై అన్నం తిన్లేదు.”

రామమూర్తి ఆ కాగితాన్ని సత్తిరాజువైపు తిప్పాడు. ఉగాదికి తెలుగు సమాజం హాల్లో మాట్లాడావే, గంటన్నర, ఆ వీడియోయేనా ఇది అని అడిగాడు. సత్తిరాజు తల ఊపాడు. దాన్ని కంపెనీ సర్వర్లో కాపీ చేస్తున్నావా అని అడిగాడు.

“పోతుందేమోనని సార్... నిమిషానికో కాపీ పెట్టాను. ఆపడం మర్చిపోయాను.”

అతని గొంతు అంత చిన్నగా ఉంటుందని ఆ దుకాణంలో ఎవరికీ తెలీదు. ప్రేమ్‌చంద్‌కి సంగతి అర్థమవడానికి కొంచెం టైము పట్టింది. అర్థమయ్యాక మాత్రం అతను దాన్ని అందరికీ విప్పిచెప్పాడు. అంటే సత్తిరాజు భయ్యా ఉపన్యాసం నిమిషానికొకటి చొప్పున ఉగాది నుంచి పోగుపడి పోగుపడి మిషన్ మొత్తం నిండిపోయింది, ఇంక బిల్టీ చీటీకి జాగా లేక లారీలు ఆగిపోయాయి, అంతేనా అన్నాడు. మేము కూడా ఇక్కడ ఇన్నేళ్లుగా అలాగే నిండిపోయాం సాబ్ అని చేర్చాడు.

రామమూర్తి నవ్వలేదు. ముద్ర తనది, సంతకం తనది, కవరు మీద సంతకం కూడా తనదే. అది గుర్తొచ్చి ఆయన మొహం కందిపోయింది. చదవకుండా పెట్టాను, తప్పు నాది కూడా అన్నాడు జోగయ్యతో. ఆ లామినేషన్ కాగితాన్ని తన జేబులో పెట్టుకుని, లహరి ఇంట్లో ఉందా, సోమవారం దాకా ఎందుకు, ఇప్పుడే వచ్చి ఆ కవరు నా చేత్తో నేను వెనక్కి తీసుకుంటాను అన్నాడు. ఇన్‌ఛార్జి కుర్చీ గురించి ఎవరూ ఎత్తలేదు. ఎత్తకపోవడమే సత్తిరాజుకి ఎక్కువ వినబడింది.

అతను ఇంకా నిలబడే ఉన్నాడు. టాటీబంధ్ నుంచి నయా రాయపూర్ దాకా చాపిన చేతుల్ని ఇప్పుడెక్కడ పెట్టుకోవాలో అతనికి తెలీలేదు. ఒకసారి మేనేజరువైపు, ఒకసారి రోడ్డువైపు చూశాడు. చివరికి అతనికి తెలిసిన ఉపాయం ఒక్కటే గుర్తొచ్చింది. గొంతు సవరించుకుని, ప్రేమ్‌చంద్, ఇంకో నాలుగు చాయ్, నా పేరు మీద అన్నాడు.

ప్రేమ్‌చంద్ గిన్నె వైపు కూడా చూడలేదు.

“ఉండండి భయ్యా. కాకా గ్లాసు ఇంకా అలాగే ఉంది.”

జోగయ్య గ్లాసు చేతిలోకి తీసుకున్నాడు. పొగలన్నీ పోయి, పైన మీగడ కట్టింది. ఏ చాయ్‌నైనా నాలుగు గుక్కల్లో తాగేసే మనిషి పెదవి తడిసేంత ఒకే ఒక్క చుక్క తాగి, గ్లాసు మళ్లీ కింద పెట్టాడు. ఇంటి దారి అటండి బాబూ, నడుస్తూ మాట్లాడుకుందాం అని రామమూర్తిని లేపాడు. వెళ్తూ వెళ్తూ ఆ నిండు గ్లాసుని బెంచీ మీద అలాగే వదిలి, నేనొచ్చేదాకా దాన్ని కదపొద్దని ప్రేమ్‌చంద్‌కి చెప్పాడు.